ఫ్రాన్సు బీరువా, గణపతి బెయిలు

లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెప్తే చాలు, ఎదుటివాళ్లు ఒకటే మాట అంటారు. "అబ్బ, ఎంత ప్రశాంతమైన ఉద్యోగమండీ!" ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ప్రశాంతమా? ఛత్రినాకలో రెండు గల్లీలు కలిసే మూల మీద, కింద పిండిగిర్ని, ముందు ఆటోస్టాండు, పైన మా శాఖా గ్రంథాలయం. గిర్ని తిరిగినంతసేపూ బీరువాల అద్దాలు గజగజ వణికేవి. ఆటోవాళ్ల కొట్లాటల్లో తీర్పు చెప్పమని మెట్లెక్కి వచ్చేవారు. నేను కూడా తక్కువదాన్ని కాదు, తీర్పు చెప్పేదాన్ని.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను ఒక సభకు పిలిచి, "మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి మేడం" అన్నారు. టైము లేదని నిర్వాహకులు సగంలోనే మైకు లాక్కున్నారు. మిగతా సగం చెప్పకపోతే నాకు కడుపుబ్బరం కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగకండి. ఇందులో ఉన్నవాళ్లంతా ఇంకా అదే గల్లీల్లో తిరుగుతున్నారు, నేను కూరగాయలకు అటే పోవాలి.

మా లైబ్రరీలో కిటికీ పక్కన ఒక బీరువా ఉండేది. దాని నిండా ఫ్రాన్సు. ఉప్పుగూడ స్టేషను దగ్గర ఉండే ఒక రిటైర్డ్ రైల్వే గార్డు ఇచ్చిన పుస్తకాలవి. ఆయనకు ఫ్రాన్సు పిచ్చి. ఎందుకని అడిగితే, "కొందరికి క్రికెట్టు, నాకు ఫ్రాన్సు. అండ్ల తప్పేంది?" అనేవాడు. ఆదివారం వస్తే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ల దగ్గర కూర్చుని, అట్ట మీద ఫ్రాన్సు అన్న మాట కనిపిస్తే కొనేసేవాడు. రాజుల చరిత్రలు, విప్లవం కథలు, బొమ్మలు వేసేవాళ్ల జీవితాలు, వంటలు, ద్రాక్షతోటలు, పల్లెల్లో సైకిలు తొక్కుతూ తిరిగిన యాత్రికులు రాసుకున్నవి. కొన్ని తెలుగులో, ఎక్కువ ఇంగ్లీషులో. ఇంట్లో చోటు చాలక ఒకరోజు ఆటోలో వేసుకొచ్చి దింపాడు. "మన బస్తీలోళ్లు ఎవరో ఒకరు చదవాలె మేడం, గంతే" అన్నాడు. ఆ మరుసటేడు ఆయన పోయాడు.

బస్తీవాళ్లు చదవలేదు. నేను చదివాను. మధ్యాహ్నం డబ్బా విప్పి టమాటపప్పు కలుపుకుంటూ, వాళ్లు మేకపాలతో చేసే చీజు గురించి చదివేదాన్ని. మెదక్ చర్చి దాటి ఎటూ పోనిదాన్ని, పారిస్‌లో ఏ సందులో ఏ బేకరీ ఉందో తెలుసన్నట్టు ఇంట్లో కోతలు కోసేదాన్ని. మా ఆయన "పోనీ ఆ బేకరీలోనే పావుకిలో ఉస్మానియా బిస్కెట్లు పట్కరా" అనేవాడు.

మా అటెండర్‌కు ఆ బీరువా అంటే గిట్టదు. మంచి మనిషే, కానీ పేపర్లో రాశిఫలాలు తప్ప ఇంకేమీ చదవడు. దుమ్ము దులపాల్సి వచ్చినప్పుడల్లా "పరదేశం బీరువా, పరదేశం దుమ్ము" అని సణిగేవాడు.

ఆ ఏడు వానాకాలంలో పెద్దాఫీసు నుంచి సారు తనిఖీకి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. నవ్వుతూనే మాట్లాడతాడు, చేసేది చేస్తాడు. ఫ్రాన్సు బీరువా ముందు నిలబడి, "ఇవి ఎవరైనా తీసుకుంటున్నారామ్మా?" అన్నాడు. నేను అబద్ధం చెప్పలేకపోయాను. "అయితే మూటలు కట్టించండి. పోటీ పరీక్షల పుస్తకాలు వస్తున్నాయి, చోటు కావాలి. నిమజ్జనం అయ్యాక ట్రాలీ తీసుకుని నేనే వస్తా, ఇవి గోదాముకు పోతాయి" అన్నాడు.

ఆ గోదాము నేను చూశాను. కిటికీల్లేని రేకుల షెడ్డు, తలుపుకు గొలుసు, తాళం. అందులోకి పోయిన పుస్తకం తిరిగి బయటికి రావడం నా సర్వీసులో చూడలేదు. గార్డుగారి ముఖం కళ్లముందు మెదిలి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఈలోపు ఎవరైనా చదివితే సార్?"

"చదివేవాళ్లుంటే ఎందుకు తీస్తామమ్మా? మనకేమన్నా పుస్తకాల మీద పగా?" అని నవ్వి మెట్లు దిగాడు.

మా అటెండర్ ఆ సాయంత్రమే సుతిలి తాడు తెచ్చి హుషారుగా మూటలు కట్టడం మొదలుపెట్టాడు. మామూలుగా కాదు, మళ్లీ జన్మలో విప్పకూడదన్నట్టు ముడి మీద ముడి వేశాడు.

అప్పుడు దిగాడు మా గల్లీ గణేశ్ కమిటీ ప్రెసిడెంటు. ఆటో నడుపుతాడు. ఆటోస్టాండులో గొంతెత్తితే గిర్ని చప్పుడు కూడా వినిపించదు. అందరూ అన్నా అంటారు, నేనూ అన్నా అనే అంటాను. ఎప్పుడూ మెట్లెక్కని మనిషి, ఆ రోజు చెప్పులు బయట విడిచి గుళ్లోకి వచ్చినట్టు వచ్చాడు.

"మేడం, మీ కాడ ఫోటోల బుక్కులు ఉంటయంట గదా?"

"దేనికన్నా?"

అటూ ఇటూ చూసి, అటెండర్‌ను కూడా అనుమానంగా చూసి, గొంతు తగ్గించాడు. "సెట్టింగ్ కోసం. పోయినేడు ఎదురు గల్లోళ్లు ప్యాలెస్ కట్టిండ్రు. పబ్లిక్ అంత గాడికే ఉరికింది. మా మండపం కాడ పులిహోర పంచుదామంటే తినేటోడు లేడు, ఇజ్జత్ పోయింది. ఈసారి ఎవ్వలు సూడనిది కట్టాలె."

"ఫోన్లో చూడరాదూ, ఎన్ని కావాలంటే అన్నుంటాయి."

"గదే మేడం కష్టం! ఫోన్ల మాకు కనిపించేదే ఎదురు గల్లోళ్లకు కనిపిస్తది. బుక్కులైతే ఒక్కటే ఉంటది. మీరు వాళ్లకియ్యకుంటె అయిపాయె."

పుస్తకం గొప్పదనం గురించి ఇంత చక్కటి మాట నేను ఏ ఉపన్యాసంలోనూ వినలేదు. గబగబా లేచి, "మూట విప్పు" అన్నాను అటెండర్‌తో. "ఇప్పుడే కట్టిన గదా మేడం!" అని వాడు మొత్తుకున్నాడు. నేను వినలేదు. ఫ్రాన్సు కోటలు, రాజభవనాల మీద బల్లంత పెద్ద బొమ్మల పుస్తకం తీశాను. అద్దాల హాలు, తోటలు, ఫౌంటెన్లు ఉన్న రాజుగారి భవనం పేజీ చూపించాను. అన్న కళ్లు పెద్దవయ్యాయి. "అరే, గిది కడితే ఎదురు గల్లోళ్లు మండపం ఎత్తేసుకోవాలె!" అన్నాడు. అక్కడికక్కడ మెంబరుగా చేర్చుకుని పుస్తకం చేతిలో పెట్టాను. ఫ్రాన్సు బీరువాకు తొలి పాఠకుడు దొరికాడు. వాడు చదవడు, కడతాడు. ఏదైతేనేం, బోణీ అయింది!

మండపాల సెట్టింగుల సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. వెదురు బొంగులు, బట్ట, థర్మాకోల్‌తో దేవుడి చుట్టూ ఒక భవనం లేపుతారు. చవితి సాయంత్రం దాకా దాని చుట్టూ పచ్చ పరదా కట్టేస్తారు. ఎదురు గల్లీవాళ్ల కంట పడితే కాపీ కొడతారని భయం. మా గల్లీలో పరదాకు కాపలా కూడా పెట్టారు. "కాస్త చూడనివ్వన్నా, బొమ్మ ఇచ్చింది నేనే కదా" అంటే, "మీ మీద నమ్మకమే మేడం, కని రూల్ రూలే" అన్నాడు. నా లైబ్రరీలో నేను నలుగురికి చెప్పే మాటే నాకు అప్పజెప్పాడు.

పరదా వెనక పని చేసింది పురానాపూల్ నుంచి వచ్చిన ఒక ఉస్తాదు. థర్మాకోల్‌ను వెన్నలా కోస్తాడని పేరు. గొప్ప పనివాడు, గొప్ప తొందర మనిషి.

చవితి సాయంత్రం అన్న నన్ను ఇంటినుంచి ఆటోలో ఎక్కించుకుని తీసుకుపోయాడు. నేను ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషిని, అయినా ఆ గల్లీలో అన్ని పండగలకూ నా వంతు ప్రసాదం నాకు వచ్చేది. మండపం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మైకులో అన్న గొంతు మోగింది: "మన లైబ్రరీ మేడం ఇచ్చిన నమూనా! ఫ్రాన్సు రాజుగారి కోట! చూడుండ్రి, చూసి తరించుండ్రి!" భుజాల మీద శాలువా పడింది. పరదా జర్రున జారింది.

నా ప్రాణం కూడా దానితోపాటే జారింది.

అద్దాల హాలు లేదు. ఫౌంటెన్లు లేవు. ఎదురుగా ఎనిమిది గుండ్రటి బురుజులు, మధ్య ఎత్తయిన గోడ, ముందు గొలుసులతో దించే వంతెన. బురుజులకు బంగారు రంగు, పైనుంచి కిందిదాకా సీరియల్ బల్బులు. గోడ నిండా చిన్న చిన్న కిటికీలు, ఒక్కో కిటికీకీ ఊచలు. లోపల చిద్విలాసంగా గణపతి. అది బాస్టిల్. ఫ్రాన్సు రాజుగారి భవనం కాదు, ఫ్రాన్సు రాజుగారి జైలు.

తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో అందరమూ ఆ పేరు చదివాం. పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. దాని ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఎవరికీ తెలియదు.

శాలువా సర్దుకుంటూ వెళ్లి ఉస్తాదును పక్కకు పిలిచాను. "నేను చూపించింది ఇది కాదు కదా!"

"హౌ మేడం, ఓ నై హై" అని, అది కాదని ధీమాగా ఒప్పుకున్నాడు. "మీ ప్యాలెస్ అడ్డంగ మస్తు పొడుగుంది. గల్లీ ఇంతే ఉంది. గల్లీలో పట్టదు. పేజీ తిప్పిన, ఇది కనిపించింది. నిలువుగుంది, గల్లీకి బరాబర్. క్యా కిలా హై మేడం! మా గోల్కొండకు చుట్టం లెక్క ఉంది!"

"ఆ కిటికీలకు ఊచలెందుకు?"

"బొమ్మలో ఉన్నయి. పిట్టలు రావొద్దని పెట్టి ఉంటరు."

తప్పు పట్టడానికి లేదు. ఆ పుస్తకంలో ఏ బొమ్మ కిందా పేరు ఉండదు, వివరాలన్నీ చివరి పేజీల్లో ఒకచోట ఉంటాయి. చివరి పేజీ దాకా ఎవరు పోతారు? అంతలో జనం విరగబడ్డారు. వంతెన దించడం, ఎత్తడం చూడటానికి పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అన్న ముఖం వెలిగిపోతోంది. పులిహోర గిన్నెలు ఖాళీ అవుతున్నాయి. జీవితంలో మొదటిసారి నేను నోరు మూసుకుని ఇంటికి వచ్చాను.

మూడోనాడు ఎదురు గల్లీవాళ్లలో ఎవరో మా మండపాన్ని ఫోటో తీసి ఫోన్లో వెతికారు. అంతే. సాయంత్రం హారతి వేళకు వాళ్ల మైకు అందుకుంది: "భక్తులారా, మా గణపయ్య ప్యాలెస్‌లో ఉన్నడు. అవతలి గల్లీ గణపయ్య జైల్ల ఉన్నడు. బెయిలు ఎప్పుడొస్తదో కమిటీవాళ్లనే అడుగుండ్రి!"

మర్నాడు పొద్దున్నే అన్న మా మెట్లు ఎక్కిన చప్పుడుకు గిర్ని ఆగిపోయిందనుకున్నాను. పుస్తకం బల్ల మీద దబ్బున పెట్టాడు.

"ఏంది మేడం గిది? దేవున్ని జైల్ల కూసోబెట్టిపిస్తరా? గల్లీల తల ఎత్తుకుంట తిరిగినం, ఇప్పుడు ఆటోస్టాండుల గూడ బెయిలు బెయిలు అంటున్నరు."

"నేను చూపించింది అది కాదన్నా..."

"ఏదైతేంది! మీ బుక్కులే కదా. తీస్కపోనియ్యుండ్రి గోదాముకు, పీడ పోతది."

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. అన్న వెళ్లిపోయాక ఆ పుస్తకాన్ని అటెండరే తీసుకుని, ఏమీ అనకుండా మూటలో పెట్టి ముడి వేశాడు. వాడు సణగకపోవడం నాకు మరీ బాధగా అనిపించింది. దొరక్క దొరక్క దొరికిన ఒక్క పాఠకుడూ నా ముఖం మీదే పుస్తకం కొట్టి పోయాడు. ఇంక ఆ బీరువాకు నూకలు చెల్లినట్టే అనుకున్నాను.

ఆ సాయంత్రం పాల అవ్వ కబురు పెట్టింది. మండపానికి ఎదురిల్లే ఆమెది. ఇంటి వెనక బర్రెలు, ముందు పాలకేంద్రం. మూడు తరాలుగా ఆ గల్లీకి పాలు పోసిన ఇల్లు. ఆమె అవునంటే అవును, కాదంటే కాదు. కమిటీ కూడా ఆమె మాట దాటదు. నేను పోయేసరికి హారతి అయిపోయింది, జనమంతా అక్కడే నిలబడి ఉన్నారు. కొందరు సెట్టింగ్ పీకేయమంటున్నారు. పీకితే మళ్లీ కట్టడానికి సమయం లేదని ఉస్తాదు తల పట్టుకున్నాడు. పోనీ విగ్రహాన్ని పక్కకు జరుపుదామంటే, ప్రతిష్ఠ అయ్యాక నిమజ్జనం దాకా కదపకూడదు.

మంచం మీద కూర్చున్న అవ్వ నన్ను పక్కన కూర్చోమంది. "బిడ్డా, అందరు తలా ఒక తీరు చెప్తుండ్రు. గది జైలేనా?"

"జైలే అవ్వా."

జనంలో గోల లేచింది. అవ్వ చెయ్యెత్తింది. "ఉండుండ్రి. జైలైతే గంత పెద్ద బుక్కుల ఎందుకేసిండ్రు? దొంగల కొంపను ఎవడన్న ఫోటో దీసి దాస్కుంటడా? ఏమో కథ ఉంటది. చెప్పు బిడ్డా."

నేను సంచిలో తెలుగులో ఉన్న చరిత్ర పుస్తకం ఒకటి వేసుకుని వచ్చాను. ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు, ఏదో చేతికి ధైర్యంగా ఉంటుందని. అది తీసి సీరియల్ బల్బుల వెలుగులో చదవడం మొదలుపెట్టాను. కథే నన్ను లాక్కుపోయింది. పంటలు పోవడం, రొట్టె ధర ఆకాశాన్ని అంటడం, రాజు సైన్యాన్ని దింపుతున్నాడన్న పుకారు, మందుగుండు కోసం జనం ఆ కోట మీదికి పోవడం.

"లోపట ఎంతమంది ఖైదీలుండె?" అన్న అడిగాడు. ఇంకా కోపంగానే ఉన్నాడు, కానీ ముందుకు జరిగి నిలబడ్డాడు.

"ఏడుగురు."

"ఏడుగురికోసం గంత లొల్లా!"

జనం నవ్వారు. నేను కూడా నవ్వి చెప్పాను: "ఏడుగురి కోసం కాదన్నా. రాజు తల్చుకుంటే విచారణ లేకుండా ఎవరినైనా అందులో పడేయవచ్చు. ఆ గోడ చూస్తేనే ఊరంతటికీ భయం. ఆ భయాన్ని పడగొట్టడానికి."

అవ్వ మంచం మీద ముందుకు వంగింది. "ఆఖర్కి గోడ పడ్డదా లేదా, గది చెప్పు."

"పడింది అవ్వా. రాయి రాయి ఊడబీకారు. ఆ రోజే ఇప్పటికీ వాళ్లకు దేశమంతా పండగ. జూలై నెలలో, ఇంచుమించు మన బోనాల రోజుల్లోనే. ఆ రాళ్లు కొన్ని తీసుకుపోయి నది మీద వంతెన కట్టారు. రోజూ జనం వాటిని తొక్కుకుంటూ పోతారు."

"పూల్ బనాయే?" ఉస్తాదు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "వారేవా! జైలు తోడ్‌కే పూల్!" పూల్ అంటే వంతెన; పురానాపూల్ అని వంతెన పేరుతోనే ఉన్న బస్తీ మనిషికి అంతకంటే నచ్చేది ఇంకేముంటుంది?

అవ్వ గణపతివైపు చూసింది. "కిట్నమూర్తి ఏడ పుట్టిండురా? జైల్లనే గదా. మరి గప్పుడు ఎవలన్న ఇజ్జత్ పోయిందన్నరా? మన సామి గూడ నవరాత్రులు గండ్లనే కూసుంటడు. నిమజ్జనం నాడు గేటులకెళ్లి తెచ్చేది లేదు. గోడ పలగ్గొట్టి తెస్తం. బెయిలడిగిన ఎదురు గల్లోళ్లను గూడ పిలువుండ్రి, వాళ్లే వచ్చి కొట్టాలె!"

అన్న గాలిలోకి చెయ్యి విసిరి "బోలో గణేశ్ మహరాజ్‌కీ" అని అరిచాడు. "జై" అన్న కేక మా లైబ్రరీ అద్దాల దాకా పోయి ఉంటుంది. నాకు కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు.

ఆ రాత్రి నుంచి వద్దన్నా వదల్లేదు. రోజూ హారతి అయ్యాక "మేడం, ఇయ్యాల ఏంది?" అని కుర్చీ వేసేవారు. రాణిగారి సోకులు చదివాను. రొట్టె కోసం ఆడవాళ్లంతా వానలో నడిచి రాజుగారి భవనానికి పోయి రాజును రాజధానికి లాక్కొచ్చిన కథ చదివిన రోజు, మా గల్లీ ఆడవాళ్లు కొట్టిన చప్పట్లు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. "నీళ్ల ట్యాంకరు రాకుంటె మనం గూడ గట్లనే పోవాలె" అని ఒకావిడ అంటే, వాళ్లాయన భయపడ్డాడు.

పొద్దున లైబ్రరీకి జనం. టైలరు ఫ్రాన్సు రాణుల గౌన్ల పుస్తకం పట్టుకుపోయాడు. మిఠాయి దుకాణం ఆవిడ తీపి వంటల పుస్తకం తీసుకుపోయి, కోడలితో చదివించుకుని, మూడు రోజుల తర్వాత "గుడ్లు లేకుండ చేసేది ఒక్కటి లేదు మేడం, గిదేం దేశం?" అని తిట్టి, ఇంకో పుస్తకం అడిగింది. ఉప్పుగూడ నుంచి రైల్వే వాళ్లు వచ్చి రైలు ప్రయాణాల పుస్తకాలన్నీ ఊడ్చుకుపోయారు. గార్డుగారు వాళ్లకు తెలుసట. "మా గార్డు సాబ్ బుక్కులు ఇవేనా!" అంటూ అట్ట లోపల ఆయన సంతకాన్ని వేలితో తడిమి చూసుకున్నారు. అన్న కూడా వచ్చాడు, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి. "గా పెద్ద బుక్కు మళ్లొక్కసారి ఇయ్యుండ్రి. వచ్చేయేడుకు చూసి పెట్టుకోవాలె. ఈసారి ఎనక పేజీలు గూడ చదువుత." నేను మాత్రం ఊరుకుంటానా? "పీడ అన్నావు కదన్నా" అన్నాను. చెవులు పట్టుకున్నాడు.

ఎవరు వచ్చినా అటెండర్ మూట విప్పాలి. వాడు వేసిన ముళ్లు వాడికే రావడం లేదు. గోళ్లతో పీకి, పళ్లతో లాగి, చివరికి కత్తెర తెచ్చి కరకరా కత్తిరించేశాడు. "ఇగ కట్టేది లేదు మేడం, నా వల్ల కాదు" అన్నాడు. ఒక మధ్యాహ్నం తొంగిచూస్తే రాశిఫలాలు పక్కనపెట్టి ద్రాక్షతోటల బొమ్మలు చూస్తున్నాడు. నన్ను చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నిమజ్జనం నాడు ఉస్తాదు ముందుగోడను ఇటుకలు ఇటుకలుగా కోసి పేర్చిపెట్టాడు, తోస్తే పడేలా. ఎదురు గల్లీవాళ్లు వాళ్ల బ్యాండుతో సహా వచ్చారు. రెండు గల్లీల డప్పులు కలిసి తీన్మార్ అందుకున్నాయి. మొదటి ఇటుక ఎవరు తీయాలని తర్జనభర్జన. అవ్వ నా చెయ్యి పట్టి ముందుకు లాగింది. "నేను చర్చి మనిషిని అవ్వా..." అన్నాను. "గోడకు చర్చేంది, గుడేంది? గుంజు!" అంది. గుంజాను. తర్వాత ఇంకేముంది, పిల్లా పెద్దా అందరూ మీద పడ్డారు. థర్మాకోల్ పూసలు గల్లీ అంతా తెల్లగా ఎగిరాయి. బురుజులు ఒకదాని తర్వాత ఒకటి ఒరిగాయి. బెయిలు అని ఎగతాళి చేసిన మైకు కుర్రాడే గొంతు చించుకుని "వచ్చిండు వచ్చిండు, మన గణపయ్య బయటికొచ్చిండు!" అని అరుస్తున్నాడు. తన ఇరవై రోజుల పని పొడి పొడి అవుతుంటే ఉస్తాదు ఈలలు వేశాడు. మా అటెండర్ ఆడిన తీన్మార్ గురించి నేను రాయను, వాడికి ఇప్పుడు మనవలున్నారు.

ఆ వారంలోనే సారు ట్రాలీ ఆటోతో దిగాడు. మెట్లెక్కి, బీరువా తెరిచాడు. అరలన్నీ ఖాళీ. కింద అరలో నాలుగు సుతిలి ముక్కలు.

"మూటలేవమ్మా?"

"ఇష్యూ అయినయి సార్" అన్నాడు అటెండర్, నాకంటే ముందు. అంత గర్వంగా వాడు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

సారు నమ్మలేదు. నమ్మడు మరి, నేనైనా నమ్మను. "ఒక్కటైనా చదువుతుండగా చూపించండి" అన్నాడు. ఎదురుగా ఉన్న పాలకేంద్రానికి తీసుకుపోయాను. అవ్వ గిన్నెలు కడుగుతోంది. డిగ్రీ చదివే మనవరాలు గడప మీద కూర్చుని, పల్లెల్లో సైకిలు మీద తిరిగినాయన పుస్తకాన్ని ఇంగ్లీషులో చూసి తెలుగులో చెప్తోంది. పుస్తకానికి పాలు తగలకుండా ప్లాస్టిక్ కవరు తొడిగారు.

"అవ్వా, ఈ సారు పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చాడు" అన్నాను.

"ఏడికి?"

"గోదాముకు."

"గాడ ఎవలు చదువుతరు?"

సారు సర్దిచెప్పబోయాడు. "ఎవరూ చదవరమ్మా. భద్రంగా ఉంటాయి. తలుపులేసి, తాళమేసి..."

అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. సారును ఎగాదిగా చూసింది. కోపం లేదు, పక్కింటి పిల్లవాడికి చెప్పినట్టే చెప్పింది.

"మొన్ననే ఒక జైలు పలగ్గొట్టినం బిడ్డా. మళ్ల ఇంకోటి ఎందుకు కడుతవు? కూసో, చాయ్ తాగు. ఈ సైకిలాయన ఇప్పుడే ఒక ఊర్ల దిగిండు, గాడ ఏమైతదో ఇని పో."

సారు వెనక్కి తిరిగి, బండి దగ్గరున్న డ్రైవర్‌ను "నువ్వు పోవయ్యా" అని పంపేసి, మంచం మీద కూర్చున్నాడు. మనవరాలు పేజీ తిప్పింది.